స్పీడు బ్రేకరు దగ్గర క్లచ్ నొక్కగానే ఇంజన్ ఆగిపోతోంది (2014 పెట్రోల్ బండి, ఏసీ వేస్తే మరీ ఎక్కువ)

#1 పాలకొల్లు_పెట్రోల్

అందరికీ నమస్కారమండి. బండి 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1 లీటరు, 3 సిలిండర్లు, 86,000 కిలోమీటర్లు తిరిగింది. యాక్సిలరేటర్ కేబుల్‌దే, థ్రాటిల్ (ఇంజన్లోకి గాలి వదిలే రెక్క) ఎలక్ట్రానిక్ కాదు. ఏసీ, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్నాయి. గ్యాస్ కిట్టు లేదు.

సమస్య ఇదీ: హైవే మీద 80లో ఏ ఇబ్బందీ లేదు, పికప్ బాగుంది. ఊళ్లోకి వచ్చి స్పీడు బ్రేకరు దగ్గరో, కాలవ గట్టు మలుపులోనో యాక్సిలరేటర్ వదిలి క్లచ్ నొక్కితే ఆర్‌పీఎం ముల్లు (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) 400 దాకా దిగి ఇంజన్ ఆగిపోతుంది. వెంటనే సెల్ఫ్ కొడితే స్టార్టవుతుంది. ఏసీ ఉంటే పదిసార్లలో నాలుగైదు సార్లు, లేకపోతే ఒకటి రెండు సార్లు. చెక్ ఇంజన్ లైటు వెలగడం లేదు.

ఇప్పటికే మార్చినవి: ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్. ఇంజెక్టర్ క్లీనర్ ఒక సీసా పోశాను. షెడ్డులో ఐడిలింగ్ (కాలు తీసినప్పుడు ఇంజన్ తిరిగే వేగం) స్క్రూ కొంచెం బిగించారు. ఆ తర్వాత ఏసీ లేకుండా ఐడిలింగ్ పెరిగింది గానీ ఆగిపోవడం తగ్గలేదు.

#2 పానా_14

విడిభాగాలు కొనడం ఇక్కడితో ఆపండి. ముందు ఒకటి చూసి చెప్పండి: ఇంజన్ కుంగి ఆగుతోందా, టక్కున ఆగుతోందా?

కుంగి ఆగడమంటే ముల్లు 900, 600, 400 అని జారుతూ బండి వణికి ప్రాణం వదలడం. గాలి చాలకపోయినా, పెట్రోలు చాలకపోయినా, లోడు ఎక్కువైనా ఇలా జరుగుతుంది. టక్కున ఆగడమంటే ఎవరో తాళం తిప్పేసినట్టు ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోవడం. అప్పుడు క్రాంక్ సెన్సర్, ఇగ్నిషన్ స్విచ్, మెయిన్ రిలే, ఈసీయూ (ఇంజన్ని నడిపే కంప్యూటరు) కరెంటు దారి చూడాలి. ఈ రెంటికీ వెతికే చోట్లు పూర్తిగా వేరు.

ఇంకో మూడు ప్రశ్నలు. చల్ల ఇంజన్ మీద కూడా ఆగుతోందా? నిలబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ పూర్తిగా తిప్పితే ఐడిలింగ్ ఎంత పడుతోంది? ట్యాంకు నింపిన వెంటనే ఎక్కువవుతోందా?

#3 వశిష్ఠ_గట్టు

ఇంకేముందండీ, అంతా ఇథనాల్ మహిమ. 2014 బండికి 20 శాతం కలిపిన పెట్రోలు పోస్తే ఆగక ఏం చేస్తుంది?

#4 రేసు_రాజోలు

స్క్రూ ఇంకో అర చుట్టు బిగించండి. 1,200 దగ్గర పెట్టేస్తే ఆగమన్నా ఆగదు. ఆయ్.

#5 పాలకొల్లు_పెట్రోల్

@పానా_14 గారూ, కుంగే ఆగుతోంది. ముల్లు జారడం కనబడుతుంది, వణుకు కూడా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అసలు లేదు, పది పన్నెండు కిలోమీటర్లు నడిచాకే మొదలవుతుంది. స్టీరింగ్ చివరిదాకా తిప్పితే హెడ్‌లైటు కూడా మసకబారుతోంది. ట్యాంకు నింపడానికీ దీనికీ సంబంధం కనబడలేదు.

#6 టెస్టర్ లైటు

హెడ్‌లైటు మసకబారుతోందన్న మాట పట్టుకోండి, అది ఊరికే పోయే మాట కాదు. ముందు ఆ క్షణంలో ఇంజన్‌లో ఏం జరుగుతుందో చెబుతాను, అప్పుడు ఏం కొలవాలో మీకే తెలుస్తుంది.

గేరులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే, ఆర్‌పీఎం సుమారు 1,500 పైన ఉన్నంతసేపు ఈసీయూ ఇంజెక్టర్లను మూసేస్తుంది. చక్రాలే ఇంజన్‌ని తిప్పుతుంటాయి. ఆర్‌పీఎం 1,200 దరిదాపులకి దిగాక మళ్లీ పెట్రోలు వదులుతుంది (ఈ అంకెలు బండిని బట్టి మారతాయి). సరిగ్గా ఆ సమయంలోనే మీరు క్లచ్ నొక్కుతారు. చక్రాల ఆసరా పోతుంది. ఇక ఇంజన్ తన కాళ్ల మీద తను నిలబడాలి. అందుకు కావలసిన గాలి, మూసి ఉన్న థ్రాటిల్ పక్కనుంచి ఐడిల్ ఎయిర్ వాల్వ్ ద్వారా రావాలి. ఈసీయూ ఆ వాల్వ్‌ని ముందుగానే కొంత తెరిచి ఉంచి, మెల్లగా మూస్తూ ఆర్‌పీఎంని 800 దగ్గర దించుతుంది.

ఈ పని చెడేది నాలుగు రకాలుగా. దారిలో కార్బన్ పేరుకుని గాలి ఇరుక్కోవడం. వాల్వ్ జిగటగా కదలడం. థ్రాటిల్ మూసుకుందన్న సంగతి ఈసీయూకి తెలియకపోవడం. గాలి సరిపోయినా ఏసీ కంప్రెసర్, రేడియేటర్ ఫ్యాను, పవర్ స్టీరింగ్ ఒకేసారి లోడు వేయడం. మీ స్టీరింగ్ మోటారు నెమ్మది వేగంలో తిప్పినప్పుడు 30 ఆంపియర్లు దాటి లాగుతుంది. ఆ లోడంతా ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) ద్వారా ఇంజన్ మీదే పడుతుంది.

చల్ల ఇంజన్‌లో ఎందుకు ఆగదంటే, అప్పుడు ఈసీయూ ఎలాగూ గాలి, పెట్రోలు ఎక్కువే ఇస్తుంది. ఐడిలింగ్ 1,200 పైన ఉంటుంది. లోపం దాని కింద దాక్కుంటుంది.

ఇప్పుడు ఒక బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (ఇంజన్ అంకెలు ఫోన్లో చూపే పరికరం) పెట్టి ఇవి రాయండి. ఇంజన్ బాగా వేడెక్కి, రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగాక తీసుకోవాలి.

తాళం ఆన్, ఇంజన్ ఆఫ్: మ్యాప్ సెన్సర్ (థ్రాటిల్ దాటాక గాలి ఒత్తిడి కొలిచేది) ప్రెషర్.
ఐడిలింగ్, ఏసీ లేకుండా: ఆర్‌పీఎం, మ్యాప్, షార్ట్ ట్రిమ్, లాంగ్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలుని అప్పటికప్పుడు, దీర్ఘకాలంలో ఎంత శాతం సర్దుతోందో చెప్పేవి), థ్రాటిల్ శాతం, వోల్టేజి.
అవే అంకెలు ఏసీతో.
2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి రెండు ట్రిమ్‌లూ.
చివరగా ఏసీ, హెడ్‌లైటు, బ్లోయర్ అన్నీ వేసి స్టీరింగ్ తిప్పుతూ వోల్టేజి.

ఐడిల్ వాల్వ్ ఎంత తెరుచుకుందో సాదా డాంగిల్‌లో చాలామటుకు కనబడదు. దానికి ఆ కంపెనీ డేటా చదివే వర్క్‌షాప్ స్కానర్ కావాలి. ప్రస్తుతానికి పై అంకెలు చాలు.

@పాలకొల్లు_పెట్రోల్ గారూ, రేసు_రాజోలు గారు ఏమన్నా స్క్రూ జోలికి ఇంకెవరినీ పోనివ్వకండి. ఎందుకో అంకెలు వచ్చాక చెబుతాను.

#7 లంక_డీజిల్

స్క్రూ బిగించడమంటే జ్వరానికి థర్మామీటర్ని నీళ్లలో ముంచడం లాంటిది.

#8 కొలత_గొట్టం

@వశిష్ఠ_గట్టు గారి అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు, కానీ ఊహతో తేల్చక్కర్లేదు. మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి గాలి, పెట్రోలు 14.7:1 కావాలి. 20 శాతం ఇథనాల్ ఉంటే అది సుమారు 13.5. అంటే ఇంజెక్టర్ కొంచెం ఎక్కువసేపు తెరుచుకోవాలి. ఆక్సిజన్ సెన్సర్ పనిచేస్తున్న ఇంజన్ ఆ తేడాని తనే సర్దుకుంటుంది, లాంగ్ ట్రిమ్ కొన్ని పాయింట్లు పెరుగుతుంది, అంతే. ట్రిమ్ ప్లస్ 15, 20 దగ్గర ఉంటే అప్పుడు పెట్రోలునో, పంపునో, గాలి లీకునో అనుమానించాలి. పాత రబ్బరు పైపులు, సీళ్లు ఇథనాల్‌కి గట్టిపడటం, ఉబ్బడం వేరే సంగతి. అది నెలల మీద జరిగేది.

అసలు భయం నీళ్లు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుక్కి చేరతాయి, పంపు నోరు ఉండేదీ అక్కడే. వరదల్లో బండి ట్యాంకు దాకా మునిగినా, మూత రబ్బరు చినిగి వర్షంలో నిలబడినా ఇది తప్పకుండా చూడాలి. ఒక గాజు సీసాలో పావు లీటరు తీసి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున గీత కనబడితే ట్యాంకు దించి కడగాల్సిందే.

ఇథనాల్ ఎంతో తెలియాలంటే 100 మిల్లీలీటర్ల కొలత గొట్టంలో 20 నీళ్లు, పైన 80 పెట్రోలు పోసి, మూసి బాగా ఊపి, పది నిమిషాలు వదలండి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. కింది పొర 36 దగ్గర నిలిస్తే 16 మిల్లీలీటర్లు దిగినట్టు, అంటే 20 శాతం. ఆరుబయట చేయండి, దగ్గర్లో పొయ్యి, బీడీ, ఫోన్ చార్జరు ఏవీ ఉండకూడదు.

#9 పాలకొల్లు_పెట్రోల్

అంకెలు ఇవిగోండి. సీసాలో పెట్రోలు అరగంట ఉంచాను, అడుగున ఏ గీతా లేదు.

ఇంజన్ ఆఫ్: మ్యాప్ 101 కిలోపాస్కల్.
ఏసీ లేకుండా: 1,050 ఆర్‌పీఎం, మ్యాప్ 39, షార్ట్ ట్రిమ్ మైనస్ 2 నుంచి ప్లస్ 3 మధ్య, లాంగ్ ట్రిమ్ ప్లస్ 3, థ్రాటిల్ 17.6 శాతం, 13.9 వోల్టులు.
ఏసీతో: 650 నుంచి 700 మధ్య ఊగుతోంది, మ్యాప్ 52, థ్రాటిల్ అదే 17.6, 13.2 వోల్టులు.
2,500 దగ్గర: షార్ట్ 0, లాంగ్ ప్లస్ 5.
అన్నీ వేసి స్టీరింగ్ తిప్పితే 12.3 దాకా పడింది.

#10 పానా_14

బాగా రాశారు. ఒక్కొక్కటీ చూద్దాం.

ఆఫ్‌లో 101 అంటే మ్యాప్ సెన్సర్ నిజం చెబుతోంది. మన గోదావరి డెల్టా సముద్ర మట్టానికి కొద్ది మీటర్లే ఎత్తు, ఇక్కడ బయటి గాలి ఒత్తిడి అంతే. 95 చూపించి ఉంటే సెన్సర్ని అనుమానించేవాణ్ని.

ట్రిమ్‌లు రెండు చోట్లా 5 లోపే. పెట్రోలు పంపు, ఫిల్టర్, ఇంజెక్టర్లు, ఆక్సిజన్ సెన్సర్ ఈ కేసులో నిర్దోషులు. ఇథనాల్ కూడా. వశిష్ఠ గారు ఏమీ అనుకోకండి.

థ్రాటిల్ 17.6 దగ్గరే అసలు చిక్కుంది. సెన్సర్‌కి ఇచ్చేది 5 వోల్టులు, అందులో 17.6 శాతమంటే 0.88 వోల్టులు. ఈ తరహా బండ్లలో కాలు తీసినప్పుడు 0.5 కి కాస్త అటూ ఇటూ, అంటే 10 నుంచి 12 శాతం ఉండాలి. స్క్రూ బిగించి రెక్కని తెరిచి ఉంచారు. ఈసీయూకి అది “కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది” అని కనబడుతుంది. అలా కనబడినంతసేపు ఐడిలింగ్ కంట్రోల్ సరిగా చేతిలోకి తీసుకోదు. ఏసీ లేనప్పుడు స్క్రూ పుణ్యమా అని 1,050 తిరుగుతోంది, ఏసీ పడగానే కాపాడే నాథుడు లేక 650కి కూలుతోంది. ఏసీ వేస్తే ఐడిలింగ్ పెరగాలి గానీ తగ్గకూడదు.

అయితే స్క్రూ తిప్పకముందు కూడా ఆగేది కదా. కాబట్టి స్క్రూ రెండో జబ్బు. మొదటిది కార్బన్ అయి ఉండాలి, థ్రాటిల్ విప్పితే తెలుస్తుంది. మూడోది 12.3 వోల్టులు.

#11 ఈసీయూ_ఏలూరు

పానా గారితో ఒక చోట విభేదిస్తాను. చాలా ఈసీయూలు తాళం ఆన్ చేసిన ప్రతిసారీ చూసిన కనీస విలువనే “మూసిన స్థానం”గా నేర్చుకుంటాయి. 0.88 అయినా సర్దుకుపోతాయి.

#12 పానా_14

నేర్చుకుంటాయి, కాదనను. కానీ దానికీ ఒక పై హద్దు పెట్టి ఉంచుతారు. అది దాటితే నమ్మవు. ఈ బండి నేర్చుకుని ఉంటే ఏసీ పడినప్పుడు ఆర్‌పీఎం ఎక్కాలి. ఎక్కలేదు. అంకె కన్నా బండి ప్రవర్తన పెద్ద సాక్ష్యం. మీ మాట నిజమైనా స్క్రూ వెనక్కి తేవడం వల్ల నష్టం లేదు.

#13 ఈసీయూ_ఏలూరు

ఏసీ దగ్గర పడిపోవడం గమనించలేదు. ఒప్పుకుంటున్నాను.

#14 టెస్టర్ లైటు

12.3 సంగతి నేను చూస్తాను. ఇంజన్ నడుస్తుండగా ఎంత లోడు వేసినా 13 కి పైనే నిలవాలి. ఒక్క క్షణం కిందికి దిగి లేస్తే ఫర్వాలేదు. వోల్టేజి పడితే కాయిల్‌లో స్పార్కు బలం తగ్గుతుంది, పంపు నెమ్మదిస్తుంది. సరిగ్గా ఇంజన్ నిలదొక్కుకోవాల్సిన క్షణంలోనే ఈ రెండూ జరుగుతాయి.

అందరూ వెంటనే ఆల్టర్నేటర్ మార్చమంటారు. ఆగండి. మన వైపు ముందు చూడాల్సింది ఎర్తు పట్టీ (బ్యాటరీ నెగెటివ్‌ని ఇంజన్‌కీ బాడీకీ కలిపే తీగ). నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి, రొయ్యల చెరువుల గట్ల మీద ఉప్పునీటి తుంపర, ఏడాదిలో సగం రోజులు తేమ. రాగి తీగ పైన బాగానే కనబడుతుంది, లగ్గు (తీగ చివర బోల్టుకి బిగించే ముక్క) లోపల పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. కంటితో చూసి బాగుందనుకుంటే మోసపోతారు, కొలవాలి.

మల్టీమీటర్ 2 వోల్టుల డీసీ రేంజిలో పెట్టండి. నల్ల పిన్ను బ్యాటరీ నెగెటివ్ స్తంభం మీద (క్లాంపు మీద కాదు, సీసం స్తంభం మీదే). ఎర్ర పిన్ను ఇంజన్ బ్లాకు మీద, రంగు లేని శుభ్రమైన బోల్టు తల మీద. పంపు ఫ్యూజు తీసి ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 లోపు మంచిది, 0.3 దాటితే పట్టీనో, బిగువో చెడింది. తర్వాత ఫ్యూజు పెట్టి, ఇంజన్ నడుస్తుండగా లోడ్లన్నీ వేసి, అదే కొలత బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకీ, ఇంజన్ బ్లాకు నుంచి బాడీకీ తీసుకోండి. ఇక్కడ 0.1 మించకూడదు. పాజిటివ్ వైపు కూడా ఒకటి: ఆల్టర్నేటర్ వెనక బోల్టుకీ బ్యాటరీ పాజిటివ్‌కీ మధ్య, లోడుతో 0.2 లోపు.

బెల్టు కూడా చూడండి. వదులుగా ఉండి మెరుస్తుంటే లోడు పడ్డప్పుడు జారుతుంది.

#15 కొబ్బరి_పికప్

మధ్యలో దూరుతున్నానండి. మాది కామన్ రైల్ డీజిల్ పికప్. కొబ్బరికాయల లోడుతో లంక రేవు నుంచి రెండో గేరులో గట్టెక్కేటప్పుడు ఆగిపోతోంది. హ్యాండ్ పంపు నొక్కితే మళ్లీ స్టార్టవుతుంది. ఇదే కారణమా?

#16 లంక_డీజిల్

కాదు. డీజిల్ లెక్క వేరు. హ్యాండ్ పంపు నొక్కితేనే లేస్తోందంటే ట్యాంకుకీ హై ప్రెషర్ పంపుకీ మధ్య గాలి పీలుస్తోంది, లేదా దారి మూసుకుంది.

మొదట ట్యాంకు మూత వదులు చేసి అదే గట్టు ఎక్కించండి. ఆగకపోతే మూతలో గాలి రంధ్రం మూసుకుంది. తేడా లేకపోతే ఫిల్టర్ కింద బిరడా వదులు చేసి గ్లాసులోకి 100 మిల్లీలీటర్లు వదలండి, నీళ్లు తెలిసిపోతాయి. తర్వాత ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్లే పైపు స్థానంలో అడుగు పొడవు పారదర్శక డీజిల్ పైపు పెట్టి నడపండి. బుడగలు కనబడితే ఫిల్టర్ దగ్గరి రాగి వాషర్లు, ట్యాంకు నుంచి వచ్చే పైపు క్లిప్పులు, హ్యాండ్ పంపు వాల్వ్ ఒక్కొక్కటీ మార్చి చూడాలి. రాగి వాషరు ఒకసారి నలిగితే మళ్లీ వాడకండి. గట్టు ఎక్కేటప్పుడే ఎందుకంటే ట్యాంకులో డీజిల్ వెనక్కి జరుగుతుంది, పైగా లోడు మీద పీల్చుడు ఎక్కువ.

బుడగల్లేకుండా ఆగుతుంటే స్కానర్ పెట్టి ఐడిలింగ్‌లో రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి అందే డీజిల్ ఒత్తిడి) చూడాలి. 250 నుంచి 350 బార్ మధ్య నిలకడగా ఉండాలి. అడిగిన ప్రెషర్ ఒకటి, వచ్చేది ఒకటి అయి ఊగుతుంటే పంపు మీద ఉండే కంట్రోల్ వాల్వ్. మిగతాదానికి వేరే చర్చ తెరవండి బాబాయ్, ఇక్కడ పెట్రోలు వాళ్లు కోప్పడతారు.

#17 పాలకొల్లు_పెట్రోల్

కొలతలు: సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ బ్లాకు వైపు 0.68. నడుస్తుండగా లోడుతో బ్యాటరీ నుంచి బాడీకి 0.05, ఇంజన్ నుంచి బాడీకి 0.34. పాజిటివ్ వైపు 0.11. బెల్టు బాగానే ఉంది.

#18 టెస్టర్ లైటు

బ్యాటరీ నుంచి బాడీ దాకా బాగుంది, పాజిటివ్ బాగుంది. పోయింది ఇంజన్‌కి వెళ్లే పట్టీ. ఆల్టర్నేటర్ డబ్బులు మిగిలాయి. కొత్తది వేసేటప్పుడు కనీసం 16 చదరపు మిల్లీమీటర్ల తగరం పూసిన రాగి తీగ తీసుకోండి. లగ్గు ప్రెస్ చేయించాలి, సుత్తితో కొట్టించవద్దు. గేరుబాక్సు మీద అది కూర్చునే చోట తుప్పు, రంగు ఇసక కాయితంతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన వేజిలీన్ పూయండి. బిగించకముందు పూయడం కాదు. బ్యాటరీ నెగెటివ్ విప్పి పని మొదలుపెట్టండి.

#19 పానా_14

ఇక థ్రాటిల్. ఎలాగూ బ్యాటరీ విప్పుతున్నారు కాబట్టి అదే రోజు చేయండి.

ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే రబ్బరు బూటు తీయండి, పగుళ్లు ఉన్నాయేమో వంచి చూడండి. థ్రాటిల్ రెక్క తెరిచి చూస్తే అంచు తాకే చోట నల్లటి జిగురు వలయం కనబడుతుంది. క్రాంక్ కేసు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి, దుమ్ము కలిసి అలా గడ్డకడతాయి. థ్రాటిల్ బాడీ క్లీనర్ గుడ్డ మీద కొట్టి తుడవండి, మూలలకి మెత్తటి పళ్ల బ్రష్షు. నేరుగా లోపలికి ధారగా కొట్టకండి. ఇరుసు పక్కన ఉన్న థ్రాటిల్ సెన్సర్లోకి ద్రవం పోతే కొత్త సమస్య కొనుక్కున్నట్టే.

ఐడిల్ వాల్వ్ రెండు స్క్రూలతో ఉంటుంది, తలలు మెత్తన, సరైన సైజు స్క్రూడ్రైవర్ లేకపోతే అరిగిపోతాయి. వాల్వ్ మొన కిందికి ఉండేట్టు పట్టుకుని శుభ్రం చేయండి, ద్రవం మోటారు వైపు పారకూడదు. మొనని చేత్తో లాగడం, నొక్కడం చేయవద్దు, లోపలి మర పోతుంది. అది కూర్చునే గాలి రంధ్రం కూడా తుడవాలి. చాలామంది వాల్వ్ తుడిచి రంధ్రం వదిలేస్తారు. రబ్బరు రింగు నలిగి ఉంటే కొత్తది.

స్క్రూ: లాక్ నట్టు వదులు చేసి, లివరుకి తగలడం మానేదాకా వెనక్కి తిప్పండి. మెల్లగా ముందుకు తెచ్చి తగిలిన చోటు నుంచి పావు చుట్టు. రెక్క గోడకి ఇరుక్కోకుండా ఉండడానికే ఆ పావు. డాంగిల్‌లో 10 నుంచి 12 శాతం వస్తే నట్టు బిగించండి. కేబుల్‌కి రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. లేకపోతే స్క్రూ ఎక్కడున్నా రెక్క తెరిచే ఉంటుంది.

పీసీవీ వాల్వ్ (ఆ క్రాంక్ కేసు ఆవిరిని ఇంజన్లోకి పంపేది) పీకి ఊపండి. లోపల గలగలమనాలి. అనకపోతే మార్చండి, ఖరీదు పెద్దగా ఉండదు.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్నవాళ్లు ఇది చదివి రెక్కని వేలితో తోయకండి. దాని పద్ధతి వేరు.

#20 బ్రేకు_బూస్టరు

ఎవరూ బ్రేకు బూస్టరు (ఇంజన్ వ్యాక్యూమ్‌తో బ్రేకుకి బలమిచ్చేది) మాట ఎత్తలేదు. స్పీడు బ్రేకరు దగ్గర బ్రేకు కూడా నొక్కుతారు కదా. బూస్టరు డయాఫ్రమ్ చినిగితే నొక్కిన ప్రతిసారీ గాలి ఇంజన్లోకి పోతుంది. ఐడిలింగ్‌లో బ్రేకు అరనిమిషం నొక్కి ఉంచండి. బుస్సుమన్నా, ఐడిలింగ్ మారి అలాగే ఉండిపోయినా లీకు ఉన్నట్టు.

#21 పానా_14

పరీక్ష మంచిదే, చేయండి. కానీ ఈ బండికి మ్యాప్ సెన్సర్ ఉంది, గాలి ప్రవాహం కొలిచే మాఫ్ సెన్సర్ కాదు. మాఫ్ బండిలో లీకులోంచి దూరే దొంగ గాలి లెక్కలోకి రాదు, మిశ్రమం పలచబడి ఆగిపోతుంది, ట్రిమ్ ఐడిలింగ్‌లో ప్లస్ 15, 20 చూపించి 2,500 దగ్గర మామూలవుతుంది. మ్యాప్ బండిలో ఒత్తిడి పెరిగినట్టు కనబడి ఈసీయూ పెట్రోలు కూడా పెంచుతుంది. అందుకే సాధారణంగా ఐడిలింగ్ పెరుగుతుందే గానీ ఆగదు. ఇంటర్నెట్‌లో సలహాలు ఈ రెంటినీ కలిపేస్తాయి.

#22 బ్రేకు_బూస్టరు

సరే. అయితే బాగయ్యేదాకా ఒక జాగ్రత్త. నడుస్తుండగా ఇంజన్ ఆగితే బూస్టరులో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు నొక్కుళ్లకే. బ్రేకు కొట్టి కొట్టి వదలకండి, ఒకసారి గట్టిగా నొక్కి అలాగే పట్టి ఉంచండి. స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళం పూర్తిగా వెనక్కి తిప్పితే లాక్ పడుతుంది. ఒక పక్క కాలవ ఉన్న గట్టు రోడ్డు మీద ఈ రెండూ గుర్తుండాలి.

#23 పాలకొల్లు_పెట్రోల్

బ్రేకు పరీక్షలో తేడా లేదు. థ్రాటిల్ రెక్క చుట్టూ నల్లటి వలయం, ఐడిల్ వాల్వ్ రంధ్రం దాదాపు సగం మూసుకుపోయి ఉంది. ఎర్తు పట్టీ లగ్గు వంచితే సగం తీగలు పొడిలా రాలాయి. అన్నీ చేశాను, స్క్రూ 11.0 శాతానికి తెచ్చాను, పీసీవీ గలగలమంటోంది. కానీ ఇప్పుడు ఐడిలింగ్ 1,400! ఏదో తప్పు చేసినట్టున్నాను.

#24 ఈసీయూ_ఏలూరు

తప్పేమీ కాదు. దారి మూసుకుపోయిన రోజుల్లో ఈసీయూ వాల్వ్‌ని ఎక్కువ తెరవడం అలవాటు చేసుకుంది. బ్యాటరీ తీసిన కాసేపటికే పెట్టేస్తే కొన్నిట్లో ఆ పాత అలవాటు చెరగదు. నెగెటివ్ పదిహేను నిమిషాలు తీసి ఉంచండి. పెట్టాక తాళం ఆన్‌లో పది సెకన్లు, మళ్లీ ఆఫ్‌లో పది సెకన్లు. యాక్సిలరేటర్ ముట్టకుండా స్టార్ట్ చేసి ఫ్యాను రెండుసార్లు తిరిగేదాకా వదిలేయండి. తర్వాత ఏసీ వేసి ఐదు నిమిషాలు. ఆ తర్వాత 50 వేగం దాకా వెళ్లి కాలు తీసి గేరులోనే దిగనివ్వడం పదిసార్లు. అప్పటికీ 1,400 ఉంటే బూటు, ఐడిల్ వాల్వ్ రింగు సరిగా కూర్చోలేదు, గాలి పీలుస్తోంది.

రేడియో కోడ్ ఉన్న బండైతే బ్యాటరీ తీయకముందే రాసి పెట్టుకోండి.

#25 రొయ్యల_సీఎన్‌జీ

గ్యాస్ మీద మాత్రమే ఇలా ఆగేవాళ్లకి ఒక మాట. ముందు పెట్రోలు మీదకి మార్చి అరగంట నడపండి. పెట్రోలు మీద కూడా ఆగితే పై సలహాలే. గ్యాస్ మీదే ఆగితే తక్కువ ఒత్తిడి ఫిల్టర్, గ్యాస్ ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్‌కి వేడి నీళ్లు అందుతున్నాయా, గ్యాస్ ఇంజెక్టర్ల నాజిల్ జిగురు, గ్యాస్ ఎంత వదలాలో చెప్పే మ్యాపింగ్, ఈ వరసలో. గ్యాస్ బండ్లలో వాల్వ్ క్లియరెన్స్ త్వరగా బిగిసిపోతుంది, వేడి మీద ఐడిలింగ్ వణుకుతుంటే ఫీలర్ గేజీ (సందు కొలిచే పలచటి రేకులు) పెట్టించండి. గ్యాస్ సిలిండర్ 3 ఏళ్ల హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడి పరీక్ష) గడువు కూడా అప్పుడే చూసుకోండి.

#26 పాలకొల్లు_పెట్రోల్

రింగు ఒక పక్క మడతపడి కూర్చుంది. కొత్తది వేసి, ఈసీయూ_ఏలూరు గారు చెప్పినట్టు అలవాటు చేయించాను. ఇప్పటి అంకెలు:

ఏసీ లేకుండా 800, మ్యాప్ 33, థ్రాటిల్ 11.0, 14.1 వోల్టులు. ఏసీతో 950, మ్యాప్ 41. అన్నీ వేసి స్టీరింగ్ తిప్పితే 13.5. సెల్ఫ్ సమయంలో ఎర్తు 0.12. నరసాపురం వెళ్లి వచ్చే దారిలో ఏసీతో ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా క్లచ్ నొక్కి చూశాను. 750 దాకా దిగి వెంటనే లేస్తోంది. ఒక్కసారి కూడా ఆగలేదు.

పాత ప్లగ్గులు కూడా బాగానే ఉన్నాయనిపిస్తోంది, పారేయనా?

#27 పానా_14

పారేయకండి. ఫీలర్ గేజీతో గ్యాప్ చూసి, మీ మాన్యువల్లో రాసిన దానికి 0.1 మిల్లీమీటరు లోపు తేడా ఉండి, పింగాణీ పగలకుండా ఉంటే డిక్కీలో ఒక ప్లగ్గు స్పానర్‌తో పాటు పడేయండి. బిగించేటప్పుడు చేత్తో చివరిదాకా తిప్పాకే స్పానర్, అల్యూమినియం హెడ్డు మర ఒకసారి పోతే ఎర్తు పట్టీ ధరలో అవదు.